సంఘం పిల్లికి తగిన లిట్టర్

మా గువ్వలకుంట రైతు సంఘం గిడ్డంగిలో ఒక పిల్లి ఉందన్న సంగతి పైవాళ్లకు తెలియకుండా ఉండి ఉంటే, సుంకమ్మ చేనులో ఆ ఏడు విత్తనం వేళకే పడేది.

తెలిసింది మా కార్యదర్శి వెంకటశివుడి వల్ల. అతనిది తప్పని అనను. ఆ ఏడు జిల్లా అంతా 'ఆదర్శ గిడ్డంగి' అనే ఊపు మీద ఉంది. ఏ గిడ్డంగి ఆదర్శమో తేల్చడానికి పైనుంచి ప్రశ్నలు వచ్చాయి. గోడలకు రంగు ఉందా, మంటలు ఆర్పే సిలిండరు ఉందా, ఎలుకల నివారణకు ఏర్పాటు ఏమిటి అని. మొదటి రెండింటికి వెంకటశివుడు 'లేదు' అని రాశాడు. మూడోదానికి కూడా లేదనే రాయాలంటే చెయ్యి ఆడలేదు. 'పిల్లి కలదు' అని రాశాడు.

దానిమీద మళ్లీ ప్రశ్న వచ్చింది. సదరు పిల్లి లోపల నివసించునదా, బయట నివసించునదా?

వెంకటశివుడు ఉన్నది ఉన్నట్టు రాశాడు. 'ఉద్యోగము లోపల. మిగతా పనులకు బయటికి పోయి వచ్చును.'

ఆ 'మిగతా పనుల' దగ్గర జిల్లా ఆగిపోయింది.

కొన్నాళ్లకు డివిజన్ అధికారి భాస్కరానందం గారు జీపులో దిగారు. బొద్దుగా, నిదానంగా ఉండే మనిషి. ఎవరినీ కసరరు. చేతిలో కాగితం లేకపోయినా, మాట్లాడితే కాగితం చదువుతున్నట్టే ఉంటుంది. ఆయనకు టీ ఇచ్చి, వెంకటశివుడు, నేను ఎదురుగా నిలబడ్డాం. నేను సంఘంలో రైతు సభ్యుణ్ని. ప్రతి సమావేశంలోను ఒక రైతు ఉండాలని నిబంధన. ఆ రైతు మాట్లాడాలని నిబంధన లేదు. అందుకే నన్ను పెట్టుకున్నారు.

పిల్లి కిటికీలో కూర్చుని మూతి తుడుచుకుంటోంది. బూడిదరంగు పిల్లి. భాస్కరానందం గారు దాన్ని పైనుంచి కిందికి చూశారు.

"గిడ్డంగి నుండి బయటికి పోయిన జంతువు ఏమి తొక్కునో, ఏమి అంటించుకొని వచ్చునో శాఖ వద్ద సమాచారము లేదు," అన్నారు. "కావున నేటి నుండి ఇది లోపలి పిల్లిగా పరిగణింపబడును. గడప దాటరాదు."

వెంకటశివుడు మెడ గోక్కున్నాడు. "మరి దానికి దొడ్డికొస్తే సార్?"

"లోపలనే లిట్టర్ ఏర్పాటు చేయవలెను."

ఆ మాట మేం వినడం అదే మొదలు. ఆయనే ఓపిగ్గా చెప్పారు. పట్నాల్లో మేడల మీద పెరిగే పిల్లులకు మట్టి అందదు. అందుకని ఒక తొట్టిలో మట్టిలాంటిది పోసి ఇంట్లోనే పెడతారట. పిల్లి అందులో గోకి, కూర్చుని, కప్పెట్టి వస్తుందట. ఆ మట్టిలాంటిదే లిట్టర్.

"దాందేముంది సార్," అన్నాడు వెంకటశివుడు. "వంకలో ఇసక ఉండాది. ఒక తట్ట తెచ్చి పోస్తే సరి."

భాస్కరానందం గారు అతనివైపు జాలిగా చూశారు. "ఏ పిల్లికి ఏ లిట్టర్ తగునో నిర్ణయించుటకు మీరెవరు? నేనెవరు? కమిటీ నిర్ణయించును. అంతవరకు పిల్లిని కార్యాలయపు గదిలో ఉంచవలెను. పిల్లి లేని గిడ్డంగికి ఎలుకల నివారణ ధ్రువపత్రము ఉండదు. ధ్రువపత్రము లేని గిడ్డంగి నుండి విత్తనము బయటికి ఇవ్వరాదు."

అని గిడ్డంగికి తాళం వేయించి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే వాన వచ్చింది.

మంచి వాన. మిగతావాళ్లం అంతకు ముందే మా మూటలు తెచ్చుకుని ఉన్నాం. గిడ్డంగిలో మిగిలినవి సుంకమ్మ వేరుశనగ మూటలే. ఆమె కూతురి కాన్పుకని పోయి ఉండింది. వాన సంగతి అక్కడే విని, తెల్లవారి బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా సంఘానికి వచ్చింది. చంకలో గుడ్డల మూట అట్లాగే ఉంది.

సుంకమ్మకు మొగుడు లేడు. ఉన్నది ఒక ఎర్రచేను. బజారు విత్తనం వేయదు. ప్రతి ఏడూ తన చేనులోనే మంచి చెట్లు చూసి గుర్తు పెట్టుకుని, ఆ కాయలే ఎండబెట్టి, ఒక్కొక్కటి ఏరి మూట కడుతుంది. ఇంటి కప్పు కారుతుందని ఆ మూటలు సంఘంలో పెడుతుంది. ఆ మూటలు పోతే ఆమెకు ఆ విత్తనం ఇంకెక్కడా దొరకదు.

"తాళం తియ్ శివుడూ," అంది. "కాయలు ఒల్చేదానికే నాలుగు దినాలు పడతాది. మిషన్లో ఏస్తే గింజ పగుల్తాది, నేను చేత్తోనే ఒల్చాల."

"తాళంచెవి సార్ కాడుండాదక్కా."

"సారెప్పుడొస్తాడు?"

"పిల్లికి మట్టి ఏదో తేలినాక."

సుంకమ్మ నావైపు తిరిగింది. "ఏమప్పా ఓబులేసూ, వీడు తాగినాడా?"

"లేదక్కా," అన్నాను.

"అయితే పిల్లి తాగిందా?"

వెంకటశివుడు జరిగిందంతా చెప్పాడు. లోపలి పిల్లి, లిట్టర్, కమిటీ, ధ్రువపత్రం. ఆమె మధ్యలో అడ్డం రాలేదు. అంతా విని, మెట్టు మీద కూర్చుంది.

"అంటే పిల్లికి దొడ్డి కుదిరేదాకా నా చేనుకు విత్తనం లేదు."

"అట్లనే అనుకో."

"నేల పదును వారముంటాది. ఎండ గట్టిగా కాస్తే అదీ ఉండదు. ఆ మాట చెప్పినావా మీ సారుకు?"

"నేల సంగతి మా శాఖ కాదక్కా," అన్నాడు వెంకటశివుడు. అతను వెటకారానికి అనలేదు. నిజంగానే కాదు.

కమిటీ తొందరగానే కూడింది. అది మెచ్చుకోవాలి. భాస్కరానందం గారు అధ్యక్షులు. వెంకటశివుడు, నేను సభ్యులం. నాణ్యతా సలహాదారు అని పట్నం నుంచి నిశాంత్ అనే కుర్రాయన వచ్చాడు. చొక్కా నలగని మనిషి. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడతాడు. పిల్లి మీద అతనికున్న గౌరవం నేను మనుషుల మీద కూడా ఎవరికీ చూడలేదు. సుంకమ్మ బయట మెట్టు మీద కూర్చుంది. రోజూ అక్కడే కూర్చుంటోంది.

మొదట స్థానికంగా దొరికేవి విచారించారు.

ఇసుక అన్నాడు వెంకటశివుడు. వంకలో ఇసుక తీయాలంటే గనుల శాఖ అనుమతి కావాలన్నారు భాస్కరానందం గారు. బూడిద అన్నాడు. "బూడిద ఉన్నచోట పూర్వము నిప్పు ఉండి తీరును. గిడ్డంగిలో నిప్పు నిషిద్ధము," అన్నారు. రంపపు పొట్టు అన్నాడు. అది ఏ చెట్టు పొట్టో అటవీశాఖ తేల్చాలన్నారు. చివరికి వెంకటశివుడు, "ఉత్త మట్టి సార్," అన్నాడు ప్రాణం విసిగి.

భాస్కరానందం గారు దాని గురించి చాలాసేపు ఆలోచించారు. "మట్టి అనగా భూమి," అన్నారు. "భూమి రెవెన్యూ వారిది. ఒక తొట్టెడు భూమిని గిడ్డంగిలోనికి తెచ్చిన యెడల, ఆ మేరకు గిడ్డంగి విస్తీర్ణము పెరిగినట్లా, ఆ మేరకు ఊరి విస్తీర్ణము తగ్గినట్లా? స్పష్టత కోరుతూ వ్రాయవలెను."

రాశారు.

నిశాంత్ తను తెచ్చినవి బల్ల మీద పరిచాడు. బంకమట్టి గుళికలు ఒక రకం, తడి తగిలితే ఉండ కడతాయట. గాజుపెంకుల్లా మెరిసేవి ఒక రకం. కాగితం నమిలి ఉమ్మినట్టు ఉండేవి ఒక రకం. ఇంకొకటి సంచి విప్పకముందే మల్లెపూల వాసన కొట్టింది.

"ఇది యాల?" అన్నాడు వెంకటశివుడు.

"దుర్వాసన రాకుండా అండీ."

"పిల్లికా, మనకా?"

నిశాంత్ ఆ ప్రశ్న రాసుకున్నాడు. తర్వాత అన్నాడు, "అసలు మనం కూర్చుని నిర్ణయించేది కాదండీ ఇది. గుళిక మరీ పెద్దదైతే పాదానికి గుచ్చుకుంటుంది. మరీ వాసనైతే దగ్గరికి రాదు. ఒక్కో పిల్లికి ఒక్కో ఇష్టం. అన్నీ వరసగా పెట్టి దాన్నే ఎంచుకోనివ్వాలి."

ఆ మాట భాస్కరానందం గారికి బాగా పట్టింది. "లబ్ధిదారు అభిప్రాయ సేకరణ," అన్నారు. ఆనాటి నుంచి మా కార్యాలయంలో పిల్లిని పిల్లి అనలేదు. లబ్ధిదారు అన్నాం.

మర్నాడు అభిప్రాయ సేకరణ జరిగింది. పిల్లి ఉన్న కార్యాలయపు గదిలోనే తొట్లు వరసగా పెట్టారు. ఒక్కొక్కదానికి పేరు రాసి అట్ట తగిలించారు. ఎదురుగా కుర్చీలు వేసుకుని కమిటీ కూర్చుంది. బిస్కెట్లు వచ్చాయి. వెంకటశివుడు పిల్లిని తెచ్చి మధ్యలో దించాడు.

పిల్లి మమ్మల్ని ఒకసారి చూసింది. మల్లెపూల తొట్టి దగ్గరికి పోయి తుమ్మింది. గాజుపెంకుల మీద ఒక కాలు పెట్టి, తీసి, విదిలించింది. తర్వాత గది మధ్యకు వచ్చి, తోక కాళ్లకు చుట్టుకుని కూర్చుంది.

మేము చూస్తున్నాం. అది మమ్మల్ని చూస్తోంది. టీ వచ్చింది, తాగాం. భోజనాల వేళ అయింది. భాస్కరానందం గారు ఒక్కసారి కూడా కదలలేదు, అది ఆయన గొప్పతనం. పిల్లి కూడా కదలలేదు.

"లబ్ధిదారు స్పందించలేదు," అని ఆఖరికి ఆయన చెప్పగా వెంకటశివుడు రాసుకున్నాడు. అంతలో ఆయనకే ఇంకొకటి తోచింది. "లబ్ధిదారు స్త్రీయా, పురుషుడా?"

"ఆడపిల్లే సార్."

"అట్లయిన ఈ అభిప్రాయ సేకరణ చెల్లదు. మహిళా లబ్ధిదారును విచారించు కమిటీలో మహిళా సభ్యురాలు ఉండి తీరవలెను."

అక్కడికి దగ్గర్లో ఉన్న మహిళ సుంకమ్మ ఒక్కతే. పిలిచి కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు. గది అంతా చూసింది. తొట్లు చూసింది, అట్టలు చూసింది, మమ్మల్ని చూసింది.

"ఇంతమంది మొగోళ్లు కుర్చీలేసుకోని కండ్లప్పగించి చూస్తాంటే యా ఆడది కూచుంటాది సార్?"

"పరిశీలన లేనిదే నిర్ధారణ ఎట్లమ్మా?"

"మీరు పొయ్యేటప్పుడు ఎవురన్నా నిర్ధారణ చేసినారా?"

భాస్కరానందం గారు నొచ్చుకోలేదు. సభ్యురాలి అభ్యంతరం నమోదు చేయమన్నారు. దాని మీద చర్చ జరిగి, మధ్యలో తెర కట్టాలని తీర్మానమైంది. వెంకటశివుడి ఇంటినుంచి దుప్పటి తెచ్చి కట్టారు. కమిటీ తెర వెనక కూర్చుంది. దుప్పటి పొట్టిది కావడం వల్ల కింద మా చెప్పులూ, బూట్లూ కనపడుతున్నాయి. పిల్లి వచ్చి వాటి ఎదురుగా కూర్చుని, సాయంత్రం దాకా వాటినే చూసింది.

ఆ రోజంతా బయట ఎండ గట్టిగా కాసింది. నేను ఇంటికి పోతూ సుంకమ్మ చేను గట్టు మీద ఆగాను. ఆమె అప్పటికే చేనులో ఉంది. వంగి, మన్ను పిడికెడు తీసి నొక్కింది. ఉండ అయింది. వేలితో తాకితే విరిగింది.

"ఇంకా ఉండాదప్పా," అంది. "రేపటికి ఉంటాది. మన్నాటికి చెప్పలేను. పైన తెల్లబడతాంది చూడు."

చూశాను. తెల్లబడుతోంది.

"పోయినేడు చెట్టుకు ఇరవై కాయలు కాసిన మొక్కలు ఏరి పెట్టుకుంటి ఓబులేసూ," అంది.

మర్నాటికి కూడా తొట్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. నిశాంత్‌కు దిగులు పట్టుకుంది. ఇన్ని రోజులుగా పిల్లి గది దాటలేదు, తొట్టి ముట్టలేదు. ఇది ప్రాణాంతకం అన్నాడు. పశువుల డాక్టరును పిలిపించాలన్నాడు. భాస్కరానందం గారు పిలిపించవలసిన విధానం గురించి ఆలోచనలో పడ్డారు.

మహిళా సభ్యురాలు కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది. "పాలు తాగుతాందా?"

"తాగుతాంది," అన్నాడు వెంకటశివుడు.

"రొట్టె తింటాందా?"

"నాది కూడా తింటాంది."

"అయితే పోకుండా ఎట్లుంటాది? యాడికో పోతాంది."

"ఆ 'ఎక్కడికో' అనునది ఎక్కడ?" అన్నారు భాస్కరానందం గారు.

ఎవరికీ తెలియలేదు. అంతలో పిల్లే లేచింది. ఒళ్లు విరుచుకుని బీరువా మీదికి ఎక్కింది. బీరువా మీద పాత ఫైళ్లు, వాటి మీదికి ఎక్కింది. అక్కడ గోడలో గిడ్డంగి వైపుకు ఒక గాలి కంత ఉంది. దానికి కొట్టిన జల్లెడ ఒక మూల ఊడి ఉంది. పిల్లి ఆ మూలను తలతో నెట్టి, తోకతో సహా మాయమైంది.

కమిటీ అంతా బీరువా వైపు చూస్తూ నిలబడింది.

"అది గడప దాటలేదు సార్," అన్నాడు వెంకటశివుడు మెల్లగా.

"దాటలేదు," అని భాస్కరానందం గారు ఒప్పుకున్నారు. అప్పుడు జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీశారు.

గిడ్డంగి తలుపు తెరిచేసరికి సుంకమ్మ అందరికంటె ముందు లోపల ఉంది. ఆమె మూటలు ఒకదానిమీద ఒకటి అట్లాగే ఉన్నాయి. అడుగు మూట ఒక మూల ఎలుకలు కొట్టాయి. అక్కడినుంచి కాయలు జారి నేలమీద చిన్న కుప్పగా పడ్డాయి. కొట్టింది అంతే. పిల్లి కాపురం అక్కడికి మార్చాక ఎలుకలు మళ్లీ ఆ దిక్కుకు రాలేదని చూస్తేనే తెలుస్తోంది. అది పనిలో లేదని శాఖ అనుకుంది గాని, అది పని మానలేదు.

పిల్లి కుప్ప మీద ఉంది. మమ్మల్ని చూసి పారిపోలేదు. ముందు కాళ్లతో కాయలు పక్కకు గోకింది. వాసన చూసింది. చుట్టూ ఒకసారి తిరిగింది. అప్పుడు కూర్చుంది.

భాస్కరానందం గారు కళ్లద్దాలు తీశారు.

పని అయ్యాక పిల్లి వెనక్కు తిరిగి, గలగలమని కాయలు లాగి కప్పెట్టింది. మళ్లీ వాసన చూసింది. చాలక ఇంకో నాలుగు కాయలు లాగింది. తర్వాత మా కాళ్ల మధ్యనుంచి నడిచి పోయింది.

"చూశారా," అన్నాడు నిశాంత్. "గుళిక సైజు సరిపోయింది. తేలిక. దుమ్ము లేదు. వాసన లేదు. గోకడానికి వీలు, కప్పడానికి వీలు. స్థానికం. ఇంత మంచిది నేను ఎక్కడా చూడలేదండీ."

భాస్కరానందం గారు అక్కడే నిలబడి చెప్పారు, వెంకటశివుడు మోకాలి మీద పెట్టుకుని రాశాడు. "లబ్ధిదారు స్వచ్ఛందముగా వ్యక్తపరచిన అభిప్రాయము మేరకు, ఈ గిడ్డంగి పిల్లికి తగిన లిట్టర్ వేరుశనగ కాయలని కమిటీ ఏకగ్రీవముగా తీర్మానించినది. ఇందు నిమిత్తము గిడ్డంగిలో నిలువయున్న కాయలను శాఖ స్వాధీనపరచుకొనును."

"సార్," అంది సుంకమ్మ. "అవి నా విత్తనాలు."

"తెలుసునమ్మా. సభ్యురాలిగా మీరు గర్వించవలసిన విషయము."

"నా చేనుకు ఏం ఎయ్యాల?"

"పరిహారము విషయమై ప్రత్యేకముగా వ్రాయబడును."

సుంకమ్మ పోయి మూట మీద చెయ్యి వేసింది. మూతి దగ్గర తను కట్టిన ముడి ఉంది. దాన్ని వేలితో తడుముతూ నిలబడింది. తెరిచిన తలుపులోంచి గాలి వస్తోంది. పొడిగాలి. చేలమీదినుంచి వస్తున్న గాలి అది.

ఆమె తలెత్తింది.

"సరే సార్. తీర్మానం నేనూ ఒప్పుకుంటాండా. ఒకటి చెప్పండి. పిల్లి కూచున్న లిట్టరు అట్లే పెడతారా, తీసేస్తారా?"

భాస్కరానందం గారు నిశాంత్ వైపు చూశారు.

"తీసేయాలమ్మా, వెంటనే," అన్నాడు నిశాంత్. "వాడిన దాంట్లో పిల్లి మళ్లీ కూర్చోదు. ఎంత మంచి లిట్టరైనా శుభ్రంగా లేకపోతే దండగే."

"ఇందులో వాడింది ఏదో, వాడనిది ఏదో చెప్పప్పా."

నిశాంత్ కుప్పను చూశాడు. కుప్ప మూటలోకి పోయి ఉంది. ఆ మూట మిగతా మూటలకు ఆనుకుని ఉంది. వాటి మీద పిల్లి వెంట్రుకలు ఉన్నాయి. పిల్లి ఎన్ని రోజులుగా వస్తోందో, ఏ మూట ఎక్కిందో ఎవరికి తెలుసు. అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. "చెప్పలేమమ్మా," అన్నాడు.

భాస్కరానందం గారు కూడా అబద్ధం చెప్పే మనిషి కాదు. నిబంధన ఎక్కడికి దారితీస్తే అక్కడిదాకా నడుస్తారు, ఎదురుగా గోడ ఉన్నా. "విభజన సాధ్యము కాని యెడల," అన్నారు, "సాంతము వాడినదిగానే పరిగణించవలెను."

"వాడిన లిట్టరు గిడ్డంగిలో ఉండొచ్చా సార్?"

"ఒక్క పూట కూడా ఉండకూడదు," అన్నాడు నిశాంత్. "ఉంటే ఆదర్శ గిడ్డంగి హోదా రాదు."

"అయితే ఎవురు తీస్తారు?"

అందరం వెంకటశివుడి వైపు చూశాం. "సంఘానికి పారిశుద్ధ్యం పోస్టు మంజూరు కాలేదు సార్," అన్నాడు అతను. ఆ మాట అంత సంతోషంగా చెప్పినవాణ్ని నేను చూడలేదు.

సుంకమ్మ వేలు ఇంకా ఆ మూట ముడి మీదే ఉంది.

"పూడ్చిపెట్టాల సార్," అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. సంఘంలో చేరాక నేను సమావేశంలో నోరు విప్పింది అదే.

"ఊరి బయట, దున్నిన నేలలో," అన్నాను. అక్కడికి ఆపేశాను.

"రైతు సభ్యుని సూచన ఆమోదయోగ్యము," అన్నారు భాస్కరానందం గారు. "అట్టి నేల ఎవరి వద్ద ఉన్నది?"

"నా చేను దున్ని పెట్టుకోనుండా సార్," అంది సుంకమ్మ. "కమిటీలో ఉండి ఆ మాత్రం చెయ్యకపోతే ఎట్ల."

నిశాంత్ తన పుస్తకం తీసి వాడిన లిట్టర్‌ను పూడ్చే పద్ధతి చదివాడు. ఒకేచోట కుప్పగా పూడ్చకూడదు, నేల పాడవుతుంది. పలచగా, దూరం దూరంగా వేయాలి. మరీ పైన ఉంటే కుక్కలు తోడతాయి, మరీ లోతైతే గాలి తగలదు. నాలుగు వేళ్ల లోతు చాలు. పైన మన్ను కప్పి చదునుగా తొక్కాలి. తనిఖీకి వీలుగా వరసలు తిన్నగా ఉంటే మంచిది. కొన్నాళ్లు పశువులను అటు రానీయకూడదు.

మా నాయన నాకు వేరుశనగ విత్తడం నేర్పేటప్పుడు ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదు.

"ఒకటి సార్," అంది సుంకమ్మ. "తోలుతో పూడిస్తే తొందరగా కుళ్లదు. వానకు పైకి తేల్తాది. నేను ఒలిచి పూడుస్తా."

"శ్రమ కదమ్మా," అన్నాడు నిశాంత్.

"పడతాలే నాయనా."

మధ్యాహ్నం కాకముందే మూటలు బండికెక్కాయి. 'వాడిన లిట్టర్ అప్పగించడమైనది' అని వెంకటశివుడు ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు. బండి వీధిలోకి రాగానే సుంకమ్మ ఒక్క కేక వేసింది. వీధిలో ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని వచ్చారు. ఒకామె కాయ ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏందక్కా ఈ వాసన?" అంది.

"గవర్మెంటు వాసన. ఒలువు," అంది సుంకమ్మ.

నాలుగు దినాల పని ఆ పూట దీపాలు పెట్టే వేళకు ముగిసింది. తెల్లవారి విత్తే గొర్రు కట్టాం. నేలలో పదును ఇంకా కొంచెం ఉంది. భాస్కరానందం గారు పూడ్చే కార్యక్రమాన్ని స్వయంగా చూడ్డానికి వచ్చారు. గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడి, గొర్రు వెనక సుంకమ్మ గింజలు వదులుతుంటే చాలాసేపు చూశారు.

"వ్యర్థమును ఇంత శ్రద్ధగా పూడ్చువారిని నా సర్వీసులో చూడలేదు," అన్నారు నాతో. ఆయన కళ్లలో నిజంగానే గౌరవం ఉంది.

ఒలిచిన తోళ్లు సుంకమ్మ సంఘానికే తెచ్చి ఇచ్చింది. వాటిని ఏం చేయాలో నిబంధనలో లేదు. వెంకటశివుడు ఒక తొట్టిలో పోసి మూలన పెట్టాడు. అట్ట రాయలేదు, కుర్చీలు వేయలేదు. పిల్లి ఆ సాయంత్రమే అందులోకి పోయింది. ధ్రువపత్రం వచ్చింది. ఆదర్శ గిడ్డంగి అని బోర్డు కూడా వచ్చింది. ఇవ్వడానికి లోపల విత్తనం లేదు గాని, ఇవ్వడానికి ఇక ఏ అభ్యంతరమూ లేదు.

వానలు ఆ ఏడు ఆడుతూ పాడుతూ వచ్చాయి. పూత మీద ఉండగా తనిఖీకి భాస్కరానందం గారు, నిశాంత్ మళ్లీ వచ్చారు. వెంకటశివుడూ, నేనూ వెంట పోయాం. ఎర్రచేను అంతా పచ్చగా, వరసలు వరసలుగా ఉంది. సందుల్లో సుంకమ్మ కలుపు తీస్తోంది.

భాస్కరానందం గారు గట్టు మీద ఆగిపోయారు. ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశారు.

"ఇది ఏమి?" అన్నారు.

"మీరు పూడ్చమనిందే సార్," అంది సుంకమ్మ, నడుము నిలబెట్టి. "పూడ్చినాక అది ఊరకుండలేదు."

ఆయన వెంకటశివుడితో చెప్పారు. "వ్యర్థము నేలలో పూర్తిగా కలిసినది. స్థలమందు పచ్చదనము అభివృద్ధి చేయబడినది." వెంకటశివుడు రాసుకున్నాడు. అంతటితో అయిపోయేదే. నిశాంత్ తన పుస్తకంలో వేలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని ముఖం బాగా లేదు.

"సార్, పూడ్చిన తర్వాత పాటించాల్సింది ఒకటుంది," అన్నాడు. "'ఒకసారి పూడ్చిన లిట్టర్‌ను ఎట్టి పరిస్థితుల్లోను తిరిగి తవ్వి బయటికి తీయరాదు.'"

వెంకటశివుడు కలం ఆపి నావైపు చూశాడు. వేరుశనగ కాయ ఎక్కడ కాస్తుందో మా ఊళ్లో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు.

భాస్కరానందం గారు సుంకమ్మ వైపు తిరిగారు. "విన్నారు కదమ్మా. తవ్వరాదు."

సుంకమ్మ వంగి ఒక చెట్టు మొదలు పట్టుకుంది.

"తవ్వేది ఎందుకు సార్," అంది. "పంటప్పుడు చెట్టు ఇట్ల పట్టుకోని పెరుకుతాము. దాని ఎనకాల ఏమన్నా వస్తే, రావొద్దని మేం చెప్పలేము."

భాస్కరానందం గారు గొడుగు కిందనే ఆలోచించారు. పిల్లి కోసం కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా ఆయన అంతసేపు ఆలోచించలేదు.

"పెరుకుట గురించి ఏమైనా ఉన్నదా?" అన్నారు.

నిశాంత్ పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. తర్వాత పుస్తకం మూశాడు.

"లేదు సార్."